పన్నెండు కుడిపాదాలు

రబ్బరు మిల్లు యజమాని కురువిళ ముదలాళి కొచ్చిలో మూడు రోజుల ధ్యానం ముగించుకుని మిల్లుకు తిరిగొచ్చిన రోజున అందరినీ ‘మీరు’ అనడం మొదలుపెట్టాడు. దాంతో మిల్లంతా హడలిపోయింది. అంతకుముందు ఆయన నోటివెంట మర్యాద ఒక్క సందర్భంలోనే వచ్చేది, మనిషిని పనిలోంచి తీసేసేటప్పుడు. అందుకే కారు అద్దం దించి “దేవస్య గారూ, గేటు కాస్త తెరుస్తారా?” అని అడగ్గానే కాపలా దేవస్య గేటు తెరిచి, టోపీ తీసి, తాళాల గుత్తి కూడా ఆయన చేతిలో పెట్టేశాడు.

ఆ ధ్యానం వ్యాపారస్తుల కోసం ప్రత్యేకంగా పెట్టింది. క్రీస్తు శిష్యులను నడిపినట్టు మనం పనివాళ్ళను నడపడం ఎలా అన్నది విషయం. పాలా, కాంజిరప్పళ్ళి, తొడుపుళ వైపు నుంచి ముప్పై మంది రబ్బరు ముదలాళులు వెళ్ళారు. కురువిళ అక్కడినుంచి ఒక నీలం ఫైలు, ఒక సర్టిఫికెట్టు, నిజంగానే కాస్త కరిగిన మనసు తెచ్చుకున్నాడు. ఆ మూడోదాన్ని వెక్కిరించడానికి లేదు. చివరి రోజు ఆయన వెక్కి వెక్కి ఏడిచాడని డ్రైవరు జోయిచ్చన్ కళ్ళారా చూసి చెప్పాడు. మర్నాడే గది బయట ‘మేనేజింగ్ డైరెక్టర్’ అన్న ఇత్తడి పలక దించేసి ‘మొదటి సేవకుడు’ అన్న ఇత్తడి పలక తగిలించాడు. కొత్తది పాతదానికన్నా రెండంగుళాలు పెద్దది.

“సేవకుడు గారు వచ్చారా?” అని ఆఫీసులో గుమాస్తాలు ఒకరినొకరు మెల్లగా అడుక్కోవడం అప్పటినుంచే మొదలైంది.

మేనేజరు ఇట్టూప్‌ని గదిలోకి పిలిచింది మట్టల ఆదివారానికి ముందు శుక్రవారం.

“ఇట్టూప్ గారూ, కూర్చోండి.”

ఇట్టూప్ కూర్చోలేదు. యాభై అయిదేళ్ళ మనిషి. ఇరవై ఏడేళ్ళ కిందట రోలర్ల షెడ్డులో కూలీగా చేరి, మెట్టు మెట్టూ ఎక్కి ఈ గదిదాకా వచ్చాడు. తనను ‘మీరు’ అనడం ఇదే మొదటిసారి.

“క్రీస్తు శిష్యుల పాదాలు కడిగిన పెసహా గురువారం నాడు మన మిల్లులో పన్నెండు మంది పనివాళ్ళ పాదాలు కడుగుతాను. నా ఈ రెండు చేతుల్తో” అన్నాడు కురువిళ. చేతులు కూడా చూపించాడు. “ధ్యానం నడిపిన ఫాదర్ సిరియక్ స్వయంగా వస్తున్నారు. మన మేత్రాసనం పత్రికకు ఫోటో కూడా తీస్తారు.”

“మన గుడి విచారణ ఫాదర్ ఏమంటారో…”

“అడిగాను. గుళ్ళో కడిగేది నా పని, మిల్లులో నీ ఇష్టమొచ్చింది కడుక్కో, దాన్ని పూజ అని మాత్రం పిలవకు అన్నారు. ఆ పన్నెండు మందినీ మీరే ఎంచండి. వాళ్ళను మీకంటే ఎరిగినవాళ్ళెవరు?”

ఇట్టూప్ సరేనని బయటికొచ్చి, తన గదిలో కూర్చుని, బల్ల కింది సొరుగు వైపు చూశాడు. ఆ సొరుగులో ఒక కాగితం ఉంది.

ఆ కాగితం సంగతి ఇది. ఈ మిల్లులో రబ్బరు పాలను తొట్లలో పోసి, యాసిడ్ కలిపి గడ్డకట్టిస్తారు. ఆ గడ్డలను రోలర్ల కింద పెట్టి నలిపితే పుల్లటి నీళ్ళు కారి నేలంతా పారుతుంటాయి. షెడ్డులో పదహారు మంది పొద్దున ఆరింటి నుంచి ఆ నీళ్ళలోనే నిలబడతారు. ఆ నీళ్ళు ముందు గోళ్ళను తింటాయి, తరవాత వేళ్ళ సందుల్లోకి వెళతాయి. ఈ మిల్లు నుంచి పోయిన రబ్బరుతో ఎక్కడెక్కడో నీళ్ళు చొరని గమ్ బూట్లు తయారవుతున్నాయి. షెడ్డులో మాత్రం అరిగిన హవాయి చెప్పులు. రెండేళ్ళ కిందట ఆ పదహారు మందీ తమకు గమ్ బూట్లు ఇప్పించమని అర్జీ రాసిచ్చారు. ఇట్టూప్ దాన్ని ముదలాళి ముందు పెట్టాడు. ముదలాళి ఆకుపచ్చ ఇంకుతో ‘ఈ ఏడాది వద్దు. ప్రార్థనలో పెడదాం’ అని రాసి సంతకం చేశాడు. ఇట్టూప్ దాన్ని సొరుగులో పెట్టి, షెడ్డులోకి వెళ్ళి, మీ విషయం ప్రార్థనలో ఉందని చెప్పాడు. ఆ ఏడాది క్రిస్మస్‌కు, మిల్లు ఖర్చులు తగ్గించినందుకు అతనికి గోడ గడియారం బహుమానంగా వచ్చింది. అది ఇప్పుడు అతని నెత్తిమీదే టిక్కుటిక్కుమంటోంది.

కడగడానికి కూర్చోబెట్టాలంటే చెప్పులు విప్పాలి. విప్పితే కాళ్ళు కనిపిస్తాయి. కనిపిస్తే ఇదేమిటని అడుగుతారు. అడిగితే కాగితం బయటికొస్తుంది, దాని మీద ఉన్నది ముదలాళి చేతిరాత. కురువిళ దేన్నయినా సహిస్తాడు గానీ పరాయివాళ్ళ ముందు తన తప్పు ఎత్తిచూపితే సహించడు. ఇట్టూప్‌కు ముందున్న మేనేజరు ఒకసారి బ్యాంకు వాళ్ళ ముందు ఆయన చెప్పిన తేదీని సరిదిద్దాడు. సాయంత్రానికల్లా ఆ మేనేజరుని ‘తమరు’ అని సంబోధించి ఇంటికి పంపేశారు. యాభై అయిదేళ్ళవాడికి ఇంకో మిల్లు గేటు తెరవదని ఇట్టూప్‌కు బాగా తెలుసు.

అయినా ఆశ చావక షెడ్డులోకి వెళ్ళాడు. మా వైపు గుళ్ళో కడిగేది కుడిపాదం ఒక్కటే. రెండూ కడుగుతూ కూర్చుంటే పూజ అయ్యేసరికి తెల్లారుతుంది. పదహారు మందిలో పన్నెండు కుడిపాదాలు పనికొస్తే చాలు. చేతులు వెనక్కి కట్టుకుని, తల దించుకుని, ఒక్కొక్క రోలరు దగ్గరా నెమ్మదిగా నడిచాడు. ఒక పాదానికి బొటనవేలి గోరు లేదు. ఇంకోదానికి మడమ చీలి ఉంది. ఇంకోదానికి వేళ్ళ మధ్య తెల్లగా నాని, ఒలిచినట్టుంది. నాలుగోదాని దగ్గర అతను లెక్క మానేశాడు.

“ఏం పారేసుకున్నారు సార్?” అని ఎవరో అడిగారు.

“పారేసుకోలేదు. పెళ్ళిచూపులకొచ్చారు” అంది ఏలిక్కుట్టి, రోలరులోంచి రబ్బరు షీటు లాగుతూ. ఇరవై ఏళ్ళుగా ఆ షెడ్డులో ఉంది. అర్జీ రాసింది కూడా ఆమే. “చూడండి సార్, సిగ్గుపడకండి. మా కాళ్ళు నచ్చాయా? సంబంధం ఎవరిది?”

షెడ్డంతా నవ్వింది. ఇట్టూప్ కూడా నవ్వాల్సిన చోటు చూసి నవ్వాడు.

“ఇంతకీ ప్రార్థన అయిందా సార్?” ఆమె ఈ మాట నెలకోసారి అడుగుతుంది.

“ఇంకా అవుతోంది ఏలిక్కుట్టీ.”

“ఏ పునీతుడితో చెప్పిస్తున్నారు? కాస్త పలుకుబడి ఉన్నాయన్ని పట్టుకోండి సార్. రెండేళ్ళంటే ఆయన కూడా సొరుగులోనే పెట్టినట్టున్నాడు.”

ఇట్టూప్ రెండో నంబరు రోలరు వైపు తిరిగాడు. అక్కడ ఎవరూ లేరు. అది వర్కీ చోటు. వర్కీ క్రిస్మస్ నుంచి సెలవులో ఉన్నాడు. సెలవు కాగితం మీద కారణం దగ్గర ‘షుగర్’ అని ఇట్టూపే రాశాడు. అబద్ధమేమీ కాదు, వర్కీకి షుగర్ ఉన్నమాట నిజమే. తరవాత ఎలా ఉందో కనుక్కుందామని చాలాసార్లు అనుకున్నాడు.

ఆ సాయంత్రం ఇట్టూప్ పొడి పాదాల జాబితా రాశాడు. ఆఫీసు గుమాస్తాలు ఇద్దరు, తూకం దగ్గర ఉండేవాడు, స్టోరు చూసేవాడు, కరెంటు పని చేసేవాడు, డ్రైవరు జోయిచ్చన్, కాపలా దేవస్య, పొగగదిలో షీట్లు ఆరబెట్టేవాళ్ళు నలుగురు, క్యాంటీన్ వంటవాడు పైలీ. సరిగ్గా పన్నెండు. దేవుడే లెక్క సరిపెట్టాడనుకుని, వెంటనే ఆ అనుకోవడం మంచిది కాదనిపించి, శిలువ గుర్తు వేసుకున్నాడు. రోలర్ల షెడ్డుకు గురువారం పదిన్నర నుంచి జీతంతో సెలవు అని నోటీసు పెట్టాడు. మిల్లు పుట్టాక అలాంటి నోటీసు ఎవరూ చూడలేదు. షెడ్డు చప్పట్లు కొట్టింది.

కడిగించుకోబోయే పన్నెండు మందీ ఆ వారమంతా కాళ్ళు కడుక్కున్నారు. ఇంకొకరు కడగబోయే కాళ్ళను ముందుగా మనమే మెరిసేలా కడుక్కుని వెళ్ళడం మా వైపు మర్యాద. దేవస్య భార్య కొబ్బరి పీచుతో రుద్దిన రుద్దుడుకు అతను రెండు రోజులు కుంటుతూ నడిచాడు. జోయిచ్చన్ ఏకంగా పట్నం వెళ్ళి బ్యూటీ పార్లర్‌లో గోళ్ళు తీయించుకొచ్చాడు. ముదలాళి చేతికి మురికి అంటకూడదన్నది అందరి సదుద్దేశం.

గురువారం వచ్చింది. పదకొండు గంటలకల్లా ఆవరణలో షామియానా, తెల్ల గుడ్డ కప్పిన కుర్చీలు పన్నెండు, ఇత్తడి పళ్ళెం, కూజా, కొత్త తువ్వాళ్ళు సిద్ధమయ్యాయి. కురువిళ ఉత్సాహం కొద్దీ ఒక్కో కుర్చీకి ఒక్కో అపొస్తలుడి పేరు అచ్చువేయించి అంటించాడు. పేతురు, అంద్రెయ, యాకోబు, అలా వరసగా. పన్నెండోదాని దగ్గర ఆయన కూడా కాస్త ఆలోచించాడు. క్రీస్తును డబ్బుకు పట్టించిన యూదా పేరు అచ్చువేయించడం బాగుండదని, యూదా పోయాక అతని స్థానంలో వచ్చిన మత్తీయ పేరు వేయించాడు.

పదకొండు కుర్చీలు నిండాయి. పన్నెండోదాని ముందు వంటవాడు పైలీ నిలబడిపోయాడు.

“కూర్చో పైలీ” అన్నాడు ఇట్టూప్ పళ్ళ బిగువున.

“కూర్చోను సార్.”

“ఏం?”

“పేరు మార్చినంత మాత్రాన కుర్చీ మారుతుందా సార్? పన్నెండోది ఎవరిదో బాప్తిస్మం తీసుకున్న ప్రతివాడికీ తెలుసు. ఫోటో పత్రికలో వేస్తారట కూడా. రేపటినుంచి నేను వండిన కూర ఎవడు తింటాడు?”

“మత్తీయ అని రాసుంది చూడరా!”

“రాయడానికేం సార్, ఆ గది బయట సేవకుడు అని కూడా రాసుంది” అనేసి పైలీ పొయ్యి మీద పాలున్నాయని వెళ్ళిపోయాడు.

మిగతా పదకొండు మందిలో ఎవరినైనా జరగమంటే అందరూ షామియానా గుడ్డ వైపు చూశారు. అప్పటికే కురువిళ కోటు విప్పి నడుముకు తువ్వాలు చుట్టుకున్నాడు. పేతురు నుంచి మొదలుపెట్టాడు. మోకాళ్ళ మీద వంగి, నీళ్ళు పోసి, తుడిచి, ముద్దు పెట్టుకుని, పక్కకు జరుగుతున్నాడు. అరవై ఏళ్ళ మనిషి, బరువైన మనిషి, చెమటలు కారుతున్నాయి. జోయిచ్చన్ పాదం దగ్గర మాత్రం గులాబీ వాసనకు ఒక్క క్షణం ఆగాడు. ఫాదర్ సిరియక్ పక్కన నిలబడి తల ఊపుతున్నాడు. ఫోటో తీసే ఆయన కుర్చీల చుట్టూ తిరుగుతున్నాడు.

పదకొండోది ముగుస్తుండగా ఫాదర్ ఖాళీ కుర్చీ గమనించాడు. “ఒకరు తక్కువయ్యారే. అదుగో, అక్కడ ఒకమ్మ నిలబడి ఉంది కదా, ఆమెను రమ్మనండి.”

అందరూ అటు చూశారు. షెడ్డు గుమ్మంలో టిఫిన్ డబ్బా పట్టుకుని ఏలిక్కుట్టి నిలబడి ఉంది. ఆమె ఊరి బస్సు ఒంటిగంటకు గానీ లేదు. ఆ సంగతి ఇట్టూప్ లెక్కలోకి రాలేదు.

“రండి ఏలిక్కుట్టి గారూ, రండి” అన్నాడు కురువిళ, ముఖమంతా నవ్వుతో.

ఏలిక్కుట్టి రెండడుగులు వేసి, నీడలో ఆగి, కుడికాలి చెప్పు విప్పింది. పాదానికి పసుపు పూసిన గుడ్డ కట్టి ఉంది. ఇంకో నాలుగడుగులు వేస్తే ఆ గుడ్డ ఎండలోకి వస్తుంది. ఇట్టూప్ ఇంక ఆలోచించలేదు. గబగబా వెళ్ళి పన్నెండో కుర్చీలో కూర్చున్నాడు.

“నేనే కూర్చుంటాను ముదలాళీ. నేనూ పనివాణ్ణే కదా.”

“ఎంత వినయం!” అన్నాడు ఫాదర్ సిరియక్.

కురువిళ అతని ముందు మోకరించి, బూటు లేసు తానే విప్పి, మేజోడు లాగాడు. అప్పుడు గానీ ఇట్టూప్‌కు గుర్తు రాలేదు. తను కూడా తొమ్మిదేళ్ళు ఆ షెడ్డులో నిలబడినవాడే. రోజూ చీకటితోనే మేజోళ్ళు తొడుక్కుంటాడు, తన పాదాన్ని తను చూసుకుని ఎన్నేళ్ళయిందో. మూడు వేళ్ళకు గోళ్ళు లేవు. చీలమండ దాకా చర్మం తెల్లగా, కాగితంలా ముడతలు పడి ఉంది. షెడ్డులో కాళ్ళన్నీ వెతికినవాడు ఈ ఒక్కటీ చూసుకోలేదు.

నీళ్ళు పోయబోయిన కురువిళ చెయ్యి ఆగింది. “ఇదేమిటి?”

“పాతది ముదలాళీ.”

“ఎక్కడిది?”

“మీ నాన్నగారి రోజుల్లోది. రోలర్ల షెడ్డులో. యాసిడ్ నీళ్ళు.”

“అయ్యో పాపం!” కురువిళ ఆ పాదాన్ని రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. జాలి నిజమైనదే. “ఆ రోజులు అలాంటివి. ఇప్పుడవేం లేవు కదా.”

అది ప్రశ్న కూడా కాదు. అవునంటే చాలు, నీళ్ళు పోస్తాడు, తుడుస్తాడు, ముద్దు పెట్టుకుంటాడు, ఫోటో అవుతుంది, పన్నెండున్నరకు పెసహా ఆనవాయితీగా అప్పం, పాలు. ‘అవును’ ఇట్టూప్ నాలుక చివరిదాకా వచ్చింది. ఏలిక్కుట్టి వైపు చూశాడు. ఆమె చెప్పు చేతిలో పట్టుకుని ఊరికే నిలబడి ఉంది. ఆమె ఏదో ఒకటి అని ఉంటే బాగుండేదనిపించింది. ఇరవై ఏళ్ళలో ఆమె ఏమీ అనకపోవడం అతను చూడలేదు. అతనికి చచ్చేంత సిగ్గేసింది.

“ఉన్నాయి ముదలాళీ” అన్నాడు.

“ఏమున్నాయి?”

“ఆ నీళ్ళు అలాగే ఉన్నాయి. కాళ్ళూ అలాగే ఉన్నాయి. అందుకే షెడ్డు వాళ్ళను ఇంటికి పంపేశాను. మీరు ఇప్పటిదాకా కడిగినవన్నీ పొడి కాళ్ళు.”

పేతురు దగ్గర్నుంచి పదకొండు మందీ కాళ్ళు కుర్చీల కిందికి లాక్కున్నారు.

“నాకెందుకు చెప్పలేదు?”

“చెప్పాం. రెండేళ్ళయింది. కాగితం ఉంది.”

“తీసుకురా పో” అన్నాడు కురువిళ. ‘మీరు’ పోయింది. ఇట్టూప్ ఒక కాలికి బూటుతో, ఇంకో కాలు ఒట్టిదిగా ఆఫీసులోకి నడిచి వెళ్ళాడు. ఇరవై ఏడేళ్ళ ఉద్యోగానికి ఈ నడక చివరిదని అతనికి అనుమానమేమీ లేదు. గడియారం కింద సొరుగు లాగి, అర్జీనీ దాని పక్కనే ఉన్న వర్కీ సెలవు కాగితాన్నీ తీసుకుని, అలాగే తిరిగొచ్చాడు.

కురువిళ మోకాళ్ళ మీదే ఉండి రెండూ చదివాడు. కళ్ళజోడు సర్దుకుని అర్జీని మళ్ళీ చదివాడు.

“ఎవరో ఆకుపచ్చ ఇంకుతో రాశారే” అన్నాడు ఫాదర్ సిరియక్, వంగి చూసి.

“నేనే” అన్నాడు కురువిళ.

ఫోటో ఆయన కెమెరా దించాడు.

“ప్రార్థనలో పెడదాం అని రాశాను. పెట్టానో లేదో కూడా గుర్తులేదు ఫాదర్.” తల ఎత్తాడు. “ఏలిక్కుట్టీ, ఇలా వచ్చి కూర్చోమ్మా. కాలు కడుగుతాను.”

ఏలిక్కుట్టి కదల్లేదు. “వద్దు ముదలాళీ. పొద్దున ఆరింటి నుంచి మా కాళ్ళు నీళ్ళలోనే ఉంటాయి. కడగడానికి మాకేం లోటు లేదు. ఆరడానికి ఏమైనా చూడండి.”

ఆయన తల ఊపాడు. “సరే. ఎవరెవరికి ఏ నంబరు బూట్లు కావాలో కనుక్కుని…”

“వెనక పేజీలో రాశాను.”

కురువిళ అర్జీ తిప్పాడు. ఏలిక్కుట్టి గుండ్రటి అక్షరాల్లో పదహారు పేర్లు, ఎదురుగా పదహారు నంబర్లు. రెండేళ్ళలో ఆ పేజీ తిప్పడం అదే మొదటిసారి. ఇట్టూప్ కూడా తిప్పలేదు.

“ఇవే నంబర్లు సరిపోతాయా?”

“సరిపోతాయి. మా వర్కీ అన్న కాలి నంబరు ఒక్కటి మార్చాలి.” ఏలిక్కుట్టి చెప్పు కింద పడేసి కాలు దూర్చుకుంది. “అప్పుడు పది వేళ్ళకు రాశాం. క్రిస్మస్ తరవాత ఆస్పత్రిలో రెండు తీసేశారు.”

కురువిళ కుర్చీ చెయ్యి పట్టుకుని పైకి లేచాడు. మోకాళ్ళు తడిసి మట్టి అంటుకున్నాయి. దగ్గర్లో ఖాళీగా ఉన్నది ఇట్టూప్ లేచి వెళ్ళిన కుర్చీ ఒక్కటే. అందులో కూలబడ్డాడు. వీపు వెనక ‘మత్తీయ’ అన్న కాగితం నలిగింది. అది పన్నెండోదని ఎవరూ గుర్తు చేయలేదు. గుర్తు చేయాల్సిన అవసరం కూడా కనిపించలేదు.

“ఇట్టూప్” అన్నాడు, “జోయిచ్చన్‌ని బండి తీయమను. వర్కీ ఇంటికి వెళదాం.”

“నేను కూడానా ముదలాళీ?”

“నువ్వు రాకపోతే ఎవరొస్తారు? నువ్వు రాసింది షుగర్, నేను రాసింది ప్రార్థన. ఇద్దరమూ వెళ్ళి చెప్పుకోవాలి.”

‘నువ్వు’ అన్న మాట విన్నాక గానీ ఇట్టూప్‌కు ఉద్యోగం ఉందని నమ్మకం కుదరలేదు. ప్రాణం లేచొచ్చింది. వర్కీ కాలు గుర్తొచ్చి, ఆ సంతోషం మీద అతనికే అసహ్యం వేసింది. బూటు కోసం కుర్చీ కింద వెతికాడు.

ఏలిక్కుట్టి టిఫిన్ డబ్బా చంకన పెట్టుకుని గేటు వైపు బయల్దేరింది. బండి దగ్గర ఒక్క క్షణం ఆగింది.

“వెళ్ళండి ముదలాళీ, మంచిదే. వర్కీ అన్నకు కబుర్లంటే ఇష్టం. ప్రార్థనలో పెడతామని మాత్రం అక్కడ అనకండి.”

“అనను” అన్నాడు కురువిళ.